పసుపు, కలబంద, తంగేడు: చర్మ సంరక్షణకు మన తయారీ ప్రయత్నం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన మహాసభలో మేము మీకు ఒక మాట ఇచ్చినం. శివరాత్రి నాడు వీరభద్రస్వామి జాతరలో మన సమాఖ్య పేరుతో మూలికల క్రీము డబ్బా అమ్మకానికి పెడతం అన్నం. జాతర వచ్చింది, పోయింది. డబ్బా రాలేదు. ఎందుకు రాలేదని గ్రామ సంఘం సమావేశాల్లో అడుగుతనే ఉన్నరు. "పైసలు ఏం చేసిన్రు?" అని కూడా ఒకరిద్దరు అడిగిన్రు. అడగాలె, అది మీ హక్కు. పైసల లెక్క చిన్నదే, చివర చెప్తం. ముందు పని సంగతి.

అసలు ఈ పని ఎందుకు మొదలుపెట్టినమో కొందరికి తెలుసు, కొందరికి తెలువదు. మన దిక్కు మిరప తోటలు ఎక్కువ. మిరపకాయ ఏరే రోజుల్లో మన చేతుల సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి పడుకున్నా మంట తగ్గదు. చంటిపిల్లను ముట్టుకోవాలంటే భయం. నాట్ల కాలం వచ్చిందంటే కాళ్ల వంతు. బురద నీళ్లలో నిలబడి నిలబడి వేళ్ల మధ్య తోలు మెత్తబడి పుండ్లు పడతయి. పత్తి ఏరితే గోళ్ల పక్కన గీరుకుపోయి చిట్లుతుంది. ఎండాకాలం మడమలు పగులుతయి. ఏడాదిలో మన చర్మానికి విశ్రాంతి నెల ఒక్కటి లేదు. మన చేతులకు, కాళ్లకు మనమే ఏదన్నా చేసుకుందాం, మిగిలింది అమ్ముకుందాం అనేది మొదటి ఆలోచన.

రెండో కారణం ఒక బిడ్డ. ఊరు, పేరు చెప్పం. ఇంటర్ చదివే పిల్ల. తోటి పిల్లలు చెప్పిన్రని ఒక ట్యూబు తెచ్చుకొని ముఖానికి రాసుకున్నది. పది రోజులకు ముఖం నునుపు తేలింది, రంగు తేలింది. తల్లి కూడా సంతోషపడ్డది. రెండు మూడు నెలలకు తోలు పలచబడి ఎర్రగా అయింది, మొటిమలు లేచినయి, ఎండకు పోతే మంట. రాసుడు మానేస్తే ఇంకా ఎక్కువైంది. డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా అని చెప్పింది. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. తామర, గజ్జి అని మనమే అనుకొని రాసుకునేది కూడా కాదు. కొన్ని చర్మరోగాలకు డాక్టరు రాసిస్తే, ఇన్ని రోజులని లెక్క పెట్టి వాడేది. అందుకే 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలె అని నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ లేకుండా చేతిలో పెట్టేటోళ్లు ఇంకా ఉన్నరు, అడిగి తీసుకునేటోళ్లం మనమూ ఉన్నం.

ఇంకో రకం కూడా ఉంది. తెలుపు చేస్తమని అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతరు. తోలుకు రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా పాదరసం ఆపుతుంది, అందుకే ముఖం తెల్లబడుతుంది. కానీ అది తోలులోంచి రక్తంలోకి పోయి కిడ్నీకి చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించిన్రు. అందులో 15 మందికి ఒక ప్రత్యేక గుర్తు కనపడ్డది. ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినోళ్లే. ముఖానికి రాసుకున్నది కిడ్నీకి ఎట్ల పోతదని అనుకుంటం కదా, పోయింది. మన దేశంలో 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం కంటి చుట్టూ వాడేవి తప్ప మిగతా వాటిలో, తెలియకుండా కలిసిన పాదరసమైనా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు.

ఇవన్నీ విన్నంక మాకు పట్టుదల వచ్చింది. మన ఇంట్లో పసుపు ఉంది, పెరట్లో కలబంద ఉంది, గట్ల మీద తంగేడు ఉంది. పక్కనే కేసముద్రం మార్కెట్టుకు పసుపు బస్తాలు బస్తాలు వస్తయి. బయటి క్రీము మనకెందుకు అన్నం. అంత తొందరపడ్డం.

మొదటి తయారీ ఇట్ల జరిగింది. కలబంద గుజ్జు తీసినం, పసుపు నీళ్లలో మరగబెట్టి కషాయం వడకట్టినం, తేనె మైనం, కొబ్బరి నూనె కరగబెట్టి అన్నీ కలిపి చిలికినం. పసుపుపచ్చగా, వెన్నలాగా ముచ్చటగా వచ్చింది. 40 డబ్బాల్లో నింపినం. ఫోటోలు కూడా దిగినం, ఆ ఫోటోలు మీ ఫోన్లకు వచ్చినయి. సంతోషం తొమ్మిది రోజులే. పదో రోజు డబ్బాలు తెరిచి చూస్తే మూడింటి మీద నల్లటి బూజు. పదిహేనో రోజుకు సగం డబ్బాలు అట్లనే. కిటికీ పక్కన పెట్టిన సీసాలో రంగు వెలిసిపోయింది. ఇద్దరు అక్కలకు మోచేతుల దాకా దురద లేచింది. మొత్తం 40 డబ్బాలూ గుంట తీసి పూడ్చినం.

అప్పుడు అర్థమైంది, మాకు వంట వచ్చు గానీ ఈ పని రాదని. శిక్షణకు పోయినం. రెండు రోజులు "యాంటీ ఆక్సిడెంట్" అనే మాట పది నిమిషాలకొకసారి వినపడ్డది. మాలో ఒక అక్క లేచి, "సార్, అది మా ఇంట్ల ఎక్కడున్నదో చెప్పున్రి" అన్నది. ఆయన నవ్వి ఒక ఆపిల్, ఒక నిమ్మకాయ తెప్పించిన్రు. కోసిన ముక్క కాసేపటికి నల్లబడ్డది. నిమ్మరసం రాసిన ముక్క తెల్లగనే ఉన్నది. ఇనుము తుప్పు పట్టుడు, పాత నూనె ముక్క వాసన వచ్చుడు, కోసిన కాయ నల్లబడుడు, అన్నీ గాలిలో ఉన్న ఆక్సిజన్ చేసే పనులే. ఎండ, పొయ్యి పొగ తగిలినప్పుడు మన తోలులో కూడా అటువంటి చెడుడే లోపల్లోపల జరుగుతుంది. దాన్ని అడ్డుకునే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. చెట్టు ఎండకు తట్టుకోలేక నీడకు పోలేదు కదా. అందుకని తన ఆకులో, పువ్వులో, కాయ తోలులో తానే ఆ కాపుదలను తయారు చేసుకుంటుంది. ఉసిరిలో విటమిన్ సి, పసుపులో కర్కుమిన్, తంగేడు పువ్వులో పసుపు రంగు పదార్థాలు ఆ కోవలోవే.

ఇంతవరకు బాగనే ఉంది. అయితే ముక్కకు నిమ్మరసం పనిచేసింది కదా, ముఖానికీ పనిచేస్తది అనుకుంటే మాత్రం మోసపోతం. నిమ్మరసం ముఖానికి రాసుకొని ఎండలోకి పోతే తోలు కాలి, బొబ్బలు వచ్చి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడవచ్చు. నిమ్మజాతి రసంలో ఎండ తగిలితే తోలును కాల్చే పదార్థం ఉంటుంది. మనలో ఎంతమంది ఆడపిల్లలకు ఈ చిట్కా చెప్పినమో గుర్తు చేసుకోండి. మేమైతే చెప్పినం. ఇప్పుడు ఊరూరా తిరిగి వద్దని చెప్తున్నం.

ఇక పసుపు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతం, ఎందుకంటే మేము అనుకున్నదంతా తారుమారైంది ఇక్కడే. పసుపులో కర్కుమిన్ నూటికి సుమారు 2 నుంచి 5 పాళ్లు మాత్రమే ఉంటుంది. మిగతాదంతా పిండి, పీచు, నూనె. ఆ కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. మరి మేము నీళ్లలో మరగబెట్టి, వడకట్టి, పిప్పి పారేసినం. అసలు సరుకు పిప్పితోనే పోయింది. కరగాలంటే నూనె కావాలె, లేకుంటే ఆల్కహాలు కావాలె.

కర్కుమిన్‌కు వెలుతురు పడదు. ఇది మనకు ఎప్పటినుంచో తెలుసు గానీ ఆలోచించలేదు. పెండ్లిలో చీర మీద పసుపు మరక పడితే ఏం చేస్తం? ఉతికి ఎండకు వేస్తం. రెండు ఎండలకు మరక పోతది. మరక పోయిందంటే కర్కుమిన్ విరిగిపోయిందని అర్థం. కిటికీ పక్కన సీసాలో జరిగింది అదే. ఇంకోటి, ఆ మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా మారుతుంది చూడండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది కూడా అందుకే. సున్నానికి, సబ్బుకు ఉండే క్షార గుణం పసుపు రంగు మారుస్తుంది, కర్కుమిన్‌ను తొందరగా చెడగొడుతుంది. అంటే పసుపు వేసి సబ్బు చేస్తే రంగు, వాసన, పేరు వస్తయి. పసుపు గుణం ఎంత మిగులుతదంటే గట్టిగా చెప్పలేం. శిక్షణలో ఈ మాట విన్నప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఏండ్ల సంది చీరెలు ఉతుకుతున్నం, జవాబు మన చేతుల్లోనే ఉంది, ప్రశ్న వేసుకోలేదు.

పసుపు గొప్పతనాన్ని తక్కువ చేస్తున్నమని ఎవరూ అనుకోవద్దు. 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద పేటెంటు ఇచ్చిన్రు. మన నాయనమ్మలు చేసే పని మీద వాళ్లకు హక్కు రాసిచ్చినట్టు. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి, సి.ఎస్.ఐ.ఆర్. అంటరు, దాని మీద పోట్లాడింది. ఇది మాకు తరతరాలుగా తెలుసు అంటే అక్కడ సరిపోలేదు. రాసి ఉన్నది చూపించమన్నరు. పాత సంస్కృత, ఉర్దూ, హిందీ పుస్తకాలు, 1953లో మన వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం, అట్ల 32 ఆధారాలు పెట్టిన్రు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. రాసిపెట్టిన కాగితం గెలిపించింది.

అదే సమయంలో ఇంకో మాట కూడా వినాలె. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు కర్కుమిన్ మీద వచ్చిన పరిశోధనలు జమచేసి చూసి, ఇది తొందరగా విరిగిపోతుంది, ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు, మనుషుల మీద కట్టుదిట్టంగా చేసిన పరీక్షల్లో మందుగా నిలబడలేదు అని రాసిన్రు. పసుపు వంటలో, పూజలో, నలుగులో మనకు ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. కానీ డబ్బా మీద "రోగం నయమగును" అని రాసే ధైర్యం మాకు ఇప్పుడు లేదు.

కలబంద సంగతి తక్కువలో చెప్తం. గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైన నీళ్లే. నీళ్లు ఉన్నచోట బూజు ఉంటుంది, మన క్రీము చెడింది అందుకే. కంపెనీలు కలిపే నిల్వ మందులు కొలత ప్రకారం కలపాలె, ప్రయోగశాలలో పరీక్ష చేయించాలె. అది మన వంటింట్లో అయ్యే పని కాదు. దురద లేచింది కలబంద తోలు కింద ఉండే పసుపుపచ్చ సొన వల్ల. ఆకు కోసి నిలబెడితే ఆ సొన కారిపోతుంది, తర్వాత కడిగి గుజ్జు తీయాలె. మేము కోసీ కోయంగనే గీకినం.

శిక్షణ నుంచి వచ్చినంక తోవ మార్చినం. నీళ్లు లేని వస్తువులే చేద్దామనుకున్నం. అవి రెండు: నూనె, పొడి.

నూనెకు ఆయుర్వేదంలో పాత లెక్క ఉంది. నూరిన ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, కషాయం పదహారు పాళ్లు. నీళ్లన్నీ ఇగిరే దాకా సన్న మంట మీద మరగాలె. గుంటగలగర ఆకుతో తలనూనె కాచేటప్పుడు మన అమ్మలు చేసేది ఇదే, కొలత ఒక్కటే నోట్లో ఉండేది. మేము పచ్చి పసుపు కొమ్ముల ముద్ద, వేపాకు కషాయం, గానుగ నువ్వుల నూనె తీసుకున్నం. నువ్వుల నూనె ఎందుకంటే అందులో స్వతహాగా యాంటీ ఆక్సిడెంట్లు ఉంటయి, మిగతా నూనెల కంటే ఆలస్యంగా ముక్కుతుంది. అయిందో లేదో తెలుసుకునేది ఎట్ల? ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలాగా రావాలె. ఆ వత్తి అంటిస్తే చిటపట అనకుండా కాలాలె. చిటపట అన్నదంటే నీళ్లు ఇంకా ఉన్నట్టే, ఇంకా కాచాలె. మొదటిసారి మాడ్చినం. రెండోసారి తొందరగా దించినం. మూడోసారి కుదిరింది. చల్లారినంక వడకట్టి, ముదురు రంగు సీసాల్లో నింపి, వెలుతురు తగలకుండా బీరువాలో పెట్టినం. నాలుగు నెలలైంది. బూజు లేదు, ముక్క వాసన లేదు.

పొడికి తంగేడు పువ్వు, పెసరపిండి, కొంచెం పసుపు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు మనం నెత్తిన పెట్టుకునే పువ్వు. తమిళనాడులో దీన్నే ఆవారంపూ అంటరు, స్నానపు పొడుల్లో ఎప్పటినుంచో వాడుతరు. మనం నలుగులో ఎందుకు వదిలేసినమో మాకైతే తెలియలేదు. పువ్వును నీడలోనే ఎండబెట్టాలె, ఎండలో పెడితే రంగు, గుణం రెండూ పోతయి. వేళ్లతో నలిపితే పెళుసుగా విరగాలె, అప్పుడే పిండి పట్టించాలె. తేమ మిగిలితే పొడికి కూడా పురుగు పడుతుంది. ఒక విన్నపం: బతుకమ్మ ముందు అందరూ తంగేడు మీద పడతరు. మన సంఘాల వాళ్లు ఒక్కో చెట్టు నుంచి మూడో వంతు కంటే ఎక్కువ కోయొద్దని ఉపసంఘం తీర్మానం చేసుకున్నది.

ప్రతి తయారీకి ఒక రిజిస్టర్ పేజీ ఉంది. తేదీ, పసుపు ఎవరి చేను నుంచి వచ్చింది, ఎంత తూకం, ఎంతసేపు కాచినం, ఎవరు కాచిన్రు, ఎవరెవరికి ఇచ్చినం, వాళ్లకు ఏమైంది. పొదుపు పుస్తకం రాసే చేతులే కాబట్టి ఇది కష్టం కాలేదు. మన చేను పసుపే ఎందుకు అంటే, బయట పొడిలో రంగు కోసం కలిపే మెటానిల్ ఎల్లో, సీసం కలిసిన రంగులు ఉండే ప్రమాదం ఉంది. కొమ్ము చూసి కొంటే ఆ భయం తక్కువ, మనమే పండిస్తే ఇంకా తక్కువ.

ఇప్పుడు లైసెన్సు సంగతి. అమ్మాలంటే ఊరికే కాదు. వస్తువును ఆయుర్వేద మందు అంటే 1940 చట్టం కింద ఆయుష్ లైసెన్సు కావాలె. సౌందర్య సాధనం అంటే 2020 నియమాల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలె. సబ్బుకు కూడా. సొంత షెడ్డు లేకపోతే లైసెన్సు ఉన్న వాళ్ల దగ్గర మన సరుకు చేయించుకునే పద్ధతి ఉంది, దాన్ని లోన్ లైసెన్సు అంటరు. ఆ పేరు వినంగనే మాలో ఒక వదిన, "కిస్తు ఎంత?" అని అడిగింది. ఇది స్త్రీనిధి లోను కాదు వదినా, పక్కోళ్ల పొయ్యి మీద మన కుండ పెట్టుకునుడు అని చెప్పినం.

లేబుల్ మీద ఏం రాయొచ్చు అనేది ఇంకో పెద్ద సంగతి. బొల్లి పోగొడతం, కుష్టు నయం చేస్తం అని ప్రకటన ఇస్తే 1954 చట్టం ప్రకారం నేరం. అది చట్టం కోసమే కాదు. తోలు మీద రంగు మారిన మచ్చ వచ్చి, అక్కడ గిల్లితే తెలియకపోతే అది కుష్టు కావచ్చు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందు ఇస్తరు, పూర్తిగా నయమవుతుంది. ఆ తల్లి మన నూనె రాసుకుంట ఆరు నెలలు ఆగితే వేళ్లు వంకర పోవచ్చు. ఇంటిల్లిపాదికి రాత్రిపూట దురద ఉంటే అది గజ్జి, దానికీ పి.హెచ్.సి. పూతమందే. మన నూనె పొడిబారిన చేతులకు, పగిలిన మడమలకు. మన పొడి స్నానానికి. అంతవరకే. "తెల్లగా చేస్తుంది" అనే మాట మన డబ్బా మీద ఉండదు. ఆ మాట ఉంటే బాగా అమ్ముడుపోతదని మాకు తెలుసు. ఉపసంఘంలో దీని మీద గంటసేపు వాదన జరిగింది. ఆ బిడ్డ తల్లి కూడా ఆ రోజు కూర్చొని ఉన్నది. తర్వాత వాదన జరగలేదు.

మిరప మంటకు మందు కనిపెట్టినమా అని అడుగుతరు. దానికి మందు అక్కరలేదు. మిరప కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేనులోంచి వచ్చినంక నీళ్లతో కడగకముందే చేతులకు వంటనూనె బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. రెండుసార్లు చేస్తే మంట చాలా తగ్గుతుంది. ఇది అమ్మే వస్తువు కాదు, పైస ఖర్చు లేదు. ఏడాది కష్టంలో మాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఇదే అనిపిస్తుంది.

పైసల లెక్క: డబ్బాలు, మైనం, నూనెలు, ఆటో కిరాయిలు కలిపి మొదటి క్రీముకు 4,150 రూపాయలు ఖర్చయినయి. అది నష్టం, దాచేది లేదు. నూనెకు, పొడికి మేము ఉపసంఘం వాళ్లం తలా కొంత వేసుకున్నం. రసీదులు సమాఖ్య ఆఫీసులో ఉన్నయి, ఎవరైనా చూడవచ్చు. వచ్చే ఏడాదికి మేము అడిగేది క్రీముకు కాదు. నూనె, పొడి నమూనాలకు ప్రయోగశాల పరీక్ష ఫీజు, లైసెన్సు దరఖాస్తు ఖర్చు, ఇద్దరు సభ్యులను రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ల గ్రామీణ సాంకేతిక పార్కుకు పంపే ఖర్చు. అక్కడ వేప వస్తువులు, సబ్బుల తయారీ నేర్పుతరు. పరీక్షలో తప్పితే దరఖాస్తు ఆపేస్తం, మిగిలిన పైసలు వాపసు చేస్తం. మధ్యాహ్నం తర్వాత తీర్మానం చర్చకు వస్తుంది, వద్దనుకున్న వాళ్లు కూడా లేచి చెప్పండి.

బయట బల్ల మీద నూనె సీసా, దూది పెట్టినం. భోజనానికి పోయేటప్పుడు మోచేతి మడత లోపల ఒక బొట్టు రాసుకోండి, రెండు రోజులు అక్కడ కడగకండి. పుండు, గాయం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు వద్దు. ఎర్రబడ్డా, దురద వచ్చినా, ఏమీ కాకపోయినా మీ వి.ఓ.ఏ.కు చెప్పండి. ఏమీ కాలేదని కూడా రిజిస్టర్‌లో రాసుకోవాలె. ఊరు, సంఘం పేరు తప్పక చెప్పండి.